ఐదో సీసా

ఆ వానాకాలం మా అమ్మకి మా నాన్న కంపు కొట్టాడు.

ఇలా మొదలుపెట్టానని తెలిస్తే నాన్న నొచ్చుకుంటాడు, అమ్మ నెత్తిన మొట్టికాయ వేస్తుంది. వేస్తే వేయనీ. జరిగింది అదే. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

నాన్న వడ్రంగి. తలుపులు, కిటికీలు చేసే కార్ఖానాలో పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చొక్కా మడతల్లో రంపపు పొట్టు, చేతులకి పాలిష్ వాసన. అమ్మ ముందుగదిలో కిటికీ పక్కన మిషన్ వేసుకుని బట్టలు కుట్టేది. మాది రెండో అంతస్తు. "మీ నాన్న కంటే ముందు ఆయన వాసన మెట్లెక్కుతుంది" అనేది, తలెత్తకుండానే. ఆ మాట అనేటప్పుడు మిషన్ తొక్కే కాలు కాస్త నెమ్మదించేది. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్య ప్రేమ కబుర్లేవీ నేను వినలేదు. నాకైతే అదే చాలా ఎక్కువ అనిపించేది.

నేనప్పుడు యూనివర్సిటీలో న్యూరోబయాలజీ చివరి ఏడాది. నరాల కణాలు, వాటి లోపలి అణువులు, అవి ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి, ఇదీ చదువు. ఎవరైనా అడిగితే నాన్న "మెదడు చదువు" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. "ఆ, లేనిదాని గురించి చదువుకోవడం మంచిదే" అని అమ్మ పక్కనుంచి అంటించేది.

వానలు ఇంకా మొదలవకముందు అమ్మకి జ్వరమొచ్చింది. జ్వరం త్వరగానే తగ్గింది గానీ పోతూపోతూ వాసన పట్టుకుపోయింది. తొలకరి పడిన రోజు వీధంతా కిటికీలు తెరుచుకుని గుండెలనిండా గాలి పీలుస్తుంటే, అమ్మ కూడా తల బయటకి పెట్టింది. కాసేపు అలాగే నిలబడింది.

"ఏమీ లేదే. గాజు పలక వెనకాల పడుతున్నట్టుంది వాన."

"భయపడకమ్మా, ముక్కులో ఉన్న నరాల కణాలు చచ్చిపోయినా మళ్ళీ పుడతాయి. ఒంట్లో ఇంకే నరానికీ లేనంత అదృష్టం వాటిది" అన్నాను, నిన్ననే క్లాసులో విన్నంత హుషారుగా.

"పుడితే పుట్టాయి. కాస్త బుద్ధిగా పుట్టమను."

పుట్టాయి. బుద్ధి ఒక్కటే తక్కువైంది.

మొదట కాఫీ. ఒక పొద్దున గ్లాసు నోటిదాకా తెచ్చి, "ఇందులో ఏం కలిపావే మహాతల్లీ!" అని సింకులో ఒంపేసింది. తర్వాత ఉల్లిపాయ. తర్వాత టూత్‌పేస్టు. సబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు, స్నానాల గది తలుపు తీస్తే చాలు ముక్కు మూసుకునేది. ఆ తర్వాత ఒక సాయంత్రం మెట్ల మీద నాన్న అడుగుల చప్పుడైంది. మిషన్ టక్కున ఆగింది. నెమ్మదించడం కాదు, ఆగింది. నాన్న గుమ్మంలో గొడుగు దులుపుతుండగానే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నుంచి నా గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. "నువ్వు చదువుకుంటుంటే తోడుంటాను" అంది. నేను ఒక పేజీ తిప్పేలోపే గురక.

అసలు సంగతి వాన తెరిపివ్వని ఒక మధ్యాహ్నం బయటపడింది. ఇంట్లో ఎక్కడ చూసినా ఆరని బట్టలే. గది అడ్డంగా కట్టిన తాడు మీంచి నాన్న చొక్కాని అమ్మ రెండు వేళ్ళతో, చచ్చిన బల్లిని తీసినట్టు తీసింది. ఉతికిన చొక్కా అది. అయినా మొహం పక్కకి తిప్పుకుంది. నేను చూశానని తను చూసింది. చొక్కా పట్టుకుని అలాగే కుర్చీలో కూలబడింది.

"కాలిన వైరు కంపే. దానికి తోడు కుళ్ళిపోయినదేదో. ఆయన గుమ్మంలో అడుగుపెడితే నాకు కడుపులో తిప్పేస్తోంది" అంటూ ఏడ్చింది. "ఆయనేం పాపం చేశాడు? ఎంత మంచి వాసనే మీ నాన్నది!"

అమ్మ ఏడవగా నేను చూసింది తక్కువ. ఏం చేయాలో తెలీక పాఠం చెప్పాను. "ముక్కు పైభాగంలో పుట్టిన ఒక్కో కణమూ ఒక్కో పోగు చాచుతుందమ్మా. జల్లెడలాంటి ఎముకలో చిల్లులుంటాయి. వాటిలోంచి పోగు పైకెక్కి, మెదడు అంచున తన ముడి ఎక్కడుందో వెతుక్కుని చేరాలి. కాఫీ పోగులకి ఒక ముడి, చెక్క పొట్టు పోగులకి ఒక ముడి, అలా అనుకో. నీ కొత్త పోగులు దారి తప్పాయి. చెక్క పోగు వెళ్ళి వైరు ముడిలో కూర్చుంది."

దర్జీ కదా, పోగులూ ముడులూ అంటే వెంటనే పట్టుకుంది. "అంటే చిక్కు పడింది."

"ఆ, చిక్కే."

"విడుతుందా?"

"విడుతుంది" అన్నాను. విడుతుందో లేదో ఆ రోజున నాకే తెలీదు. తెలుసుకోవడమే నా పరిశోధన.

"నాన్నకి చెప్పెయ్యనా?" అంటే ఒంటికాలి మీద లేచింది. "చెప్పావంటే నా మీద ఒట్టే! కాలర్ మాసిందని ఎప్పుడో ఒక్క మాటన్నందుకు నెలరోజులు మెడ తడుముకుంటూ తిరిగిన మనిషి. ఈ మాట చెవిన పడితే ఇక జన్మలో నా పక్కన కూర్చోడు. తగ్గేదాకా నోరు మూసుకో."

నోరు మూసుకున్నాను. నాకు అదెంత కష్టమో నన్నెరిగిన వాళ్ళకి తెలుసు.

మా ల్యాబ్‌లో మైక్రోస్కోపు గది ఉంది. కిటికీలకి నల్లగుడ్డ, తలుపుకి నల్లతెర. మిట్టమధ్యాహ్నం వెళ్ళినా లోపలంతా చీకటే. వాన చప్పుడొక్కటే గోడలోంచి సన్నగా వినపడేది. వెంట్రుకంత పలచగా కోసిన ఎలుక మెదడు ముక్కల్ని గాజు పలకల మీద పరిచి నీలి వెలుతురు వేస్తే, వాసన మోసే పోగులు పచ్చగా వెలిగేవి. వేలకి వేలు. ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ వచ్చి, ఒక్కచోట గుండ్రంగా చుట్టుకుని కూర్చునేవి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు తేలిపోయేది. చూస్తూ చూస్తూ ఉంటే కళ్ళు మూతలు పడి, ఆ పచ్చటి పోగులు మా వీధిలోంచి వెళ్తున్నట్టుండేది. తడిసిన ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఇది మా ఇల్లేనా అని అడిగి, కాదంటే వానలో ముందుకి సాగిపోయేవి. మా మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరో తెర తీసి "నిద్రపోతున్నావా?" అనేవాళ్ళు. లేదని గట్టిగా బుకాయించేదాన్ని.

నేను చూడాల్సింది ఒక్కటే. ముక్కుకి దెబ్బ తగిలి పాత కణాలు పోయి కొత్తవి పుట్టిన ఎలుకల్లో, కొత్త పోగులు సొంత ముడికే చేరుతున్నాయా, దారి తప్పితే కొన్నాళ్ళకైనా సర్దుకుంటున్నాయా. పలకల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఏ ఎలుకదో మా సీనియర్‌కి మాత్రమే తెలుసు. ముందే తెలిస్తే మనకి కావలసిందే మనకి కనపడుతుందని ఆ ఏర్పాటు. ఆ గదిలో ఎవరు లెక్కపెట్టినా అలాగే లెక్కపెడతారు.

అక్కడే నాకు ఆలోచన తట్టింది. మందుల షాపులో చిన్న గోధుమరంగు సీసాలు కొన్నాను. ఒకదాంట్లో లవంగం, ఒకదాంట్లో నిమ్మతొక్క, ఒకదాంట్లో గులాబీ అత్తరు, ఒకదాంట్లో యూకలిప్టస్ నూనె. రోజూ పీలుస్తుంటే కొత్త కణాలకి సాధన అవుతుందని డాక్టర్లు చెప్పేదే. ఐదోది మాత్రం నా సొంతం. నాన్న చొక్కా జేబులోంచి చిటికెడు రంపపు పొట్టు, పాలిష్ తుడిచిన పాతగుడ్డ ముక్క, ఆయన మెడ తుడుచుకునే తువ్వాలు అంచు ఇంత కత్తిరించి అందులో వేశాను. సీసాల మీద అంకెలు అంటించాను.

"ఏ సీసాలో ఏముందో అడక్కూడదు. తెలిస్తే నీ మనసు ముందే తీర్పు చెప్పేస్తుంది" అన్నాను.

"నన్ను కూడా ఎలుకని చేశావా తల్లీ" అంది అమ్మ, కానీ కుర్చీ సర్దుకుని కూర్చుంది.

నాన్న పనికి వెళ్ళాక, నేను యూనివర్సిటీకి బయల్దేరే ముందు, రోజూ అదే తంతు. మూసిన కిటికీ మీద వాన జారుతుండేది. అమ్మ మిషన్ ముందు కళ్ళు మూసుకుని కూర్చునేది. నేను సీసా మూత తీసి చేతిలో పెట్టేదాన్ని. "ఒకటి... ఏమీ లేదు. రెండు... దూరంగా ఏదో ఉంది, పట్టుకుందామంటే జారిపోతోంది. మూడు... ఛీ. నాలుగు, చల్లగా ఉంది, అంతే." ఆ మాటలు నిద్రలో మాట్లాడుతున్నట్టు మెల్లగా వచ్చేవి. గులాబీ ఛీ అనిపించుకుందని నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. ఐదో సీసా చేతికిస్తే మాత్రం మాట ఉండేది కాదు. మొహం ముడుచుకునేది. పెదవులు బిగపట్టేది. అయినా సీసా దించేది కాదు. మిగతా నాలుగూ కలిపి పట్టుకున్నంత సేపు అదొక్కదాన్నే పట్టుకునేది.

"ఎలా ఉంది?" అని నేనే అడిగేదాన్ని.

"చెప్పడానికి లేదు. రేపు చూద్దాం."

పోల్చుకోలేక అంతసేపు పీలుస్తోందనుకున్నాను. పోల్చుకోకపోవడమే కదా మరి నాకు కావలసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఈలోగా నాన్న ఊరుకున్నాడా? పాపం, ఆయన తంటాలు ఆయనవి. అమ్మ మొహం తిప్పుకోవడం చూసి పాలిష్ వాసన పడటం లేదనుకున్నాడు. కార్ఖానా నుంచి రాగానే స్నానం, భోజనానికి ముందు స్నానం. కొత్త సబ్బు తెచ్చాడు. అది పాతదానికంటే ఘాటు. అమ్మ ఇంకో రెండు గదుల అవతలకి జరిగేది, ఇంట్లో ఉన్నవే మూడు గదులు. ఇంకో సబ్బు తెచ్చాడు. సబ్బే అసలు శత్రువని చెప్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక రోజు భోజనాల దగ్గర, తలొంచుకుని తింటూ తింటూ చెప్పాడు. "పక్క ఊళ్ళో పెద్ద ఆసుపత్రి కడుతున్నారట. తలుపులన్నీ చేయడానికి మా మేస్త్రీ మనుషుల్ని తీసుకెళ్తున్నాడు. ఏడాది పని. వానలు వెనకబడగానే లారీ బయల్దేరుతుంది. నన్ను రమ్మంటున్నాడు."

అని అమ్మ వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థమైంది. వద్దు అనమని అడుగుతున్నాడు. బల్ల కింద అమ్మ కాలు తొక్కాను.

"మంచి పనేగా. వెళ్ళిరండి" అంది అమ్మ, మంచినీళ్ళ గ్లాసు వైపు చూస్తూ.

మర్నాడు నేను బయల్దేరుతుంటే నాన్న కింద మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పనికి వెళ్ళాల్సిన మనిషి, గొడుగు తెరిచి మళ్ళీ మూసి కూర్చున్నాడు.

"ఇంతకీ నేనేం చేశానే అమ్మలూ? మీ అమ్మ నాతో సరిగ్గా కూర్చుని ఎన్నాళ్ళయిందో."

"నువ్వేం చేయలేదు నాన్నా."

"సబ్బులు రెండు మార్చాను. మనిషిని మార్చుకోలేను కదా" అన్నాడు. నవ్వుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. "పొమ్మని మొహం మీద అనలేక అలా ఉంటోందేమో. పోతే తనకైనా హాయిగా ఉంటుంది."

ఒట్టు గుర్తొచ్చి గొంతులో మాట గొంతులోనే నొక్కేశాను. ఆయన గొడుగు వేసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. నాకు అమ్మ మీద, ఆ ఒట్టు మీద, జల్లెడ ఎముక మీద, అన్నిటి మీదా కోపమొచ్చింది.

ఇక నా ఆశంతా ఆ గాజు పలకల మీదే పెట్టుకున్నాను. ఎలుకల్లో సర్దుకుంటే అమ్మకీ సర్దుకుంటుంది. లారీ వచ్చేలోపు సర్దుకుంటే చాలు. లెక్క పూర్తయిన రోజు సీనియర్ చీకటి గదిలోకి వచ్చి ఏ అంకె ఏ ఎలుకదో చదివాడు. నేను రాసుకున్నాను. దెబ్బ చిన్నదైన వాటిలో పోగులు చాలావరకు సొంత ముడికే చేరాయి. దెబ్బ పెద్దదైన వాటిలో దారి తప్పినవి తప్పినట్టే ఉన్నాయి. ఎక్కువ కాలం ఆగి చూసిన వాటిలోనూ అంతే. అమ్మది చిన్న దెబ్బో పెద్ద దెబ్బో ఎవరు చెప్పాలి? కాఫీ దగ్గర్నుంచి కట్టుకున్న మొగుడి దాకా కంపు కొడుతుంటే అది చిన్న దెబ్బెలా అవుతుంది?

సీనియర్ వెళ్ళిపోయాక ల్యాబ్ నడిపే మా మేడం వచ్చింది. పొట్టి మనిషి, ఎప్పుడూ పొడుగు గొడుగుతో తిరిగేది. నీలి వెలుతురులో నా మొహం చూసి దీపం వేయబోయి ఆగింది.

"లెక్కలు తప్పాయా?"

"లేదు మేడం. సరిగ్గానే వచ్చాయి" అని బావురుమన్నాను. అమ్మ సంగతి చెప్పాను. మేడం దగ్గర ఒట్టేమీ లేదు కదా.

ఆవిడ నా పక్క స్టూలు మీద కూర్చుని కాసేపు మైక్రోస్కోపులోకి చూసింది. "అందంగా ఉన్నాయి" అంది. తర్వాత, "నువ్వు చూసింది పోగుల్ని. ఎలుకల్ని చూళ్ళేదు. నీకు ముందు ఇక్కడ చదివినమ్మాయి ఇలాంటి ఎలుకలకే వాసన పట్టి తిండి వెతుక్కోవడం నేర్పింది. దెబ్బ తగిలాక అంతా మర్చిపోయాయి. తిరగా నేర్పితే నేర్చుకున్నాయి. పోగులు మాత్రం తప్పుచోటే ఉన్నాయి."

"మరి తిండి ఎలా దొరికింది?"

"వాటికి అది పాత వాసనలా ఉండి ఉండదు. కొత్తదే. కానీ ఆ కొత్త వాసన వచ్చిన చోట తిండి ఉందని తెలుసుకున్నాయి." మైక్రోస్కోపు నుంచి తలెత్తింది. "ఎలా తెలుసుకున్నాయని మాత్రం అడక్కు. అది తెలిస్తే ఈపాటికి ల్యాబ్ మూసేసి ఇంట్లో ముసుగుతన్ని పడుకుందును."

ఇంటికి నడుస్తుంటే వాన లేదు. ఆకాశం తెరిపిచ్చేసింది. వానలు వెనకబడ్డాయి, ఇక లారీ వచ్చేస్తుంది.

లారీ వచ్చే పొద్దున నాన్న తన పనిముట్ల పెట్టె గుమ్మం పక్కన పెట్టాడు. రంపం, బాడిస, చిత్రిక, అన్నీ తుడిచి గుడ్డల్లో చుట్టాడు. అమ్మ మిషన్ ముందు కూర్చుంది. తెరిచిన కిటికీలోంచి ఎన్నాళ్ళకో ఎండ పడుతోంది.

"సీసాలు తేవే" అంది నాతో.

"ఇప్పుడా? నాన్న ఉన్నాడు."

"రోజూ చేసేదేగా. తే."

తెచ్చాను. నాన్న ఈ తంతు ఎప్పుడూ చూడలేదు. పెట్టె పక్కనే నిలబడి వింతగా చూస్తున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు చకచకా పీల్చి పక్కన పెట్టేసింది. ఐదోది చేతిలోకి తీసుకుంది. మొహం ముడుచుకుంది. సీసా దించలేదు. ఎండ ఆవిడ చేతుల మీద నుంచి మిషన్ మీదకి జరుగుతున్నట్టనిపించింది. ఎంతసేపో అలాగే ఉండిపోయింది.

"ఏముందందులో?" అన్నాడు నాన్న, నాకేసి చూస్తూ.

నేను నాలుగో సీసా మూత బిగించసాగాను.

"మీరే" అంది అమ్మ, కళ్ళు తెరవకుండా.

నేను నోరు తెరిచాను. "నీకెలా తెలుసు?"

"మొదటి రోజే తెలుసు. అంత కంపు ఇంట్లో ఇంకెవరిది?" కళ్ళు తెరిచి నాన్న వైపు చూసింది. "జ్వరం తగ్గాక నా ముక్కు చెడిందండీ. మీరు దగ్గరికొస్తే కాలిన వైరు కంపొస్తోంది. మీ తప్పేం లేదు. నా ముక్కుది. చెబితే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

నాన్న చేయి తనంతట తనే కాలర్ దగ్గరికి వెళ్ళింది. అమ్మ భయపడ్డట్టే.

"మరి అంత కంపు కొడుతుంటే రోజూ అంతసేపు పీల్చడం దేనికమ్మా?" అన్నాను.

"ఇదేం ప్రశ్నే? మీ నాన్న కదా" అంది.

నాకు ముక్కు చివర మంట పుట్టి కళ్ళు నీళ్ళతో నిండాయి.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు నాన్న.

"కంపే. అబద్ధం ఎందుకూ? పాత వాసన రాలేదు. వస్తుందో రాదో దీనికే తెలీదు, పైకి చెప్పదు గానీ." నన్ను చూపించింది. "కానీ నిన్న సాయంత్రం కుట్టుకుంటుంటే ఈ కంపే మెట్లెక్కి వచ్చింది. కడుపులో తిప్పుతుందని చూశాను. తిప్పలేదు. ఆయనొచ్చాడు అనిపించింది. అంతే."

కింద లారీ హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. నాన్న కిటికీ దగ్గరికి వెళ్ళి తల బయటపెట్టి, "మీరు పదండి మేస్త్రీ, నేను రావట్లేదు" అని అరిచాడు. మేస్త్రీ కింద నుంచి ఏదో తిట్టాడు. నాన్న అది వినిపించుకోలేదు.

కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగి, అమ్మకి రెండడుగుల దూరంలో బెదురుగా ఆగిపోయాడు. పొద్దుట్నుంచీ పెట్టె సర్ది సర్ది చొక్కా వీపున చెమటతో అంటుకుపోయింది. మోచేతి మీద పొట్టు రేణువులు ఎండకి మెరుస్తున్నాయి.

"ఒక్క నిమిషం. స్నానం చేసొచ్చి కూర్చుంటాను" అన్నాడు.

అమ్మ తన పక్కనున్న స్టూలు మీది బట్టలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"వద్దు. అలాగే కూర్చోండి."